పిల్లల ఐస్ హాకీ గేర్: మందం కన్నా ముందు సందులు చూడాలి

ఐస్ హాకీలో దెబ్బలన్నీ ఒక రకంవి కావు. పక్ అంటే మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ళ. బరువు 170 గ్రాముల దాకా ఉంటుంది. మరీ చిన్నపిల్లలకు అమెరికాలో ఇంతకన్నా తేలికైన నీలం రంగు పక్ ఇస్తారు. అది వచ్చి తగిలితే ఒక రకం దెబ్బ, స్టిక్ వచ్చి మణికట్టు మీద పడితే ఇంకో రకం. వెనక్కి జారి మంచు మీద కూలబడితే తోక ఎముక అదురుతుంది. మంచు చుట్టూ ఉండే గోడలకు, అంటే బోర్డులకు గుద్దుకుంటే భుజానికీ కాలర్ ఎముకకూ ప్రమాదం. వీటికి తోడు, మంచు మీద ఉన్న ప్రతి ఒక్కరి కాళ్లకూ పదునైన స్టీలు బ్లేడ్లుంటాయి. ఒక్క సంచీలో పట్టే సామాను ఇన్నిటికీ అడ్డుపడాలి.

ఈ సామాను కొనేటప్పుడు తల్లిదండ్రులు సాధారణంగా రెండే చూస్తారు. ప్యాడ్ ఎంత మందంగా ఉంది? వచ్చే ఏడాదికి కూడా సరిపోతుందా? పిల్లలు ఆగకుండా పెరుగుతారు, గేర్ ఖరీదైనది, కాబట్టి రెండూ సహజమైన ప్రశ్నలే. కానీ ఎంత మంచి ప్యాడ్ అయినా ఏ ఎముకను కాపాడాలో ఆ ఎముక మీద ఉన్నంతసేపే పనిచేస్తుంది. రెండంగుళాలు కిందికి జారిన ఎల్బో ప్యాడ్ మోచేతిని కాపాడలేదు, ముంజేతికి బరువు మాత్రం అవుతుంది. ఒక సైజు పెద్ద హెల్మెట్, పడేటప్పుడు తల ఒక వైపు వెళ్తుంటే తాను ఇంకో వైపు తిరుగుతుంది. అందుకే పిల్లల గేర్‌ను పరీక్షించడమంటే నా దృష్టిలో ముఖ్యంగా సందులు వెతకడమే. ఒక ప్యాడ్ ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట్లు, శరీరానికీ ప్యాడ్‌కీ మధ్య ఖాళీలు, ప్యాడ్‌ను పట్టి ఉంచే స్ట్రాపులు, స్క్రూలు. దెబ్బ లోపలికి వచ్చే దారులు ఇవే.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఫిట్ వేరు, కండిషన్ వేరు అనుకుని రెంటినీ విడివిడిగా చూస్తుంటాం. నిజానికి అవి ఒకటే సమస్య. ఎలాస్టిక్ సాగిపోయిన ఎల్బో ప్యాడ్ సైజు సరైనదే అయినా జారిపోతుంది. అంటే కండిషన్ పాడైతే ఫిట్ కూడా పాడైనట్టే. అలాగే సైజు పెద్దదైన స్కేట్ లోపల మడమ కదిలి కదిలి లైనింగ్ అరిగిపోతుంది.

నిలబెట్టి చూస్తే సరిపోదు

చాలామంది ఒక్కో వస్తువూ విడిగా తొడిగి, పిల్లలను అద్దం ముందు నిటారుగా నిలబెట్టి చూస్తారు. నిటారుగా నిలబడితే దాదాపు ఏ గేర్ అయినా బాగానే కనిపిస్తుంది. కానీ మంచు మీద ఎవరూ అలా నిలబడరు. కాబట్టి స్కేట్స్‌తో సహా మొత్తం గేర్ వేయించండి. బ్లేడ్లకు గట్టి ప్లాస్టిక్ గార్డులు తొడిగితే ఇంట్లో రబ్బరు మ్యాట్ మీద కూడా నిలబడవచ్చు. మోకాళ్లు వంచి, నడుం కాస్త ముందుకు వంచి, రెండు చేతులతో స్టిక్ పట్టుకోమనండి. తర్వాత షాట్ కొడుతున్నట్టు చేతులు వెనక్కి లాగమనండి. ఒక మోకాలి మీద కూర్చుని లేవమనండి. రెండు చేతులూ తల పైకెత్తమనండి. గోల్ కొట్టినప్పుడు పిల్లలు ఎలాగూ చేసేది అదే. ఒక్కో కదలికకూ ఎక్కడ చర్మం బయటపడుతోందో, ఏ ప్యాడ్ జరిగి మళ్లీ తన చోటికి రావడం లేదో చూడండి. ఇంతకీ పట్టేది పది నిమిషాలు.

“సరిపోయిందా?” అని అడిగితే పిల్లలు సరిపోయిందనే అంటారు. కొత్త వస్తువు మీద ఇష్టం కావచ్చు, త్వరగా ఆడుకోవాలన్న తొందర కావచ్చు. “ఎక్కడ నొక్కుతోందో వేలు పెట్టి చూపించమ్మా” అని అడిగితే నిజం బయటికొస్తుంది.

హెల్మెట్: తలతో పాటే కదలాలి

హెల్మెట్ ముందు అంచు కనుబొమ్మలకు ఒక వేలు పైన ఉండాలి. చాలామంది పిల్లలకు అది నుదుటి మీద బాగా పైకి ఎక్కి కనిపిస్తుంది. అలా ఉంటే నుదురు ఖాళీగా ఉన్నట్టే. ముందుగా గడ్డం కింది స్ట్రాప్ పెట్టకుండా తలను అటూ ఇటూ, పైకీ కిందికీ ఊపమనండి. హెల్మెట్ తలతో పాటు కదలాలి. మీరు హెల్మెట్‌ను చేత్తో పట్టుకుని మెల్లగా కదిపితే నుదుటి చర్మం కూడా దానితో కదలాలి. చర్మం కదలకుండా హెల్మెట్ ఒక్కటే జారితే అది వదులు. స్ట్రాప్ బిగించాక గడ్డానికీ స్ట్రాప్‌కీ మధ్య ఒక్క వేలు మాత్రమే పట్టాలి. వదులు హెల్మెట్‌ను స్ట్రాప్ బిగించి సరిచేయవచ్చనే భ్రమ చాలామందికి ఉంది. స్ట్రాప్ పని హెల్మెట్ ఊడిపోకుండా ఆపడం. తలను అన్ని వైపులా సమానంగా పట్టుకునే పని లోపలి ఫోమ్‌ది.

చాలా హెల్మెట్లు రెండు ముక్కల షెల్‌తో, అంటే గట్టి పై తొడుగుతో వస్తాయి. పక్కనున్న క్లిప్పులు తీసో, స్క్రూలు వదులు చేసో ముందూ వెనకా జరిపి సైజు మార్చవచ్చు. పది నిమిషాలు పెట్టి ఉంచి తీశాక నుదుటి మీద సమానంగా లేత ఎరుపు గీత కనిపిస్తే మంచిదే. ఒకేచోట ఎర్రగా, లోతుగా ముద్ర పడితే ఆ షెల్ ఆకారం ఆ తలకు పడనట్టు. తలలు కొన్ని గుండ్రంగా, కొన్ని కోలగా ఉంటాయి, కంపెనీల అచ్చులు కూడా అలాగే ఉంటాయి. పక్కింటి పిల్లకు సరిపోయిన మోడల్ మన పిల్లకు సరిపోకపోవడంలో వింతేమీ లేదు. జుట్టు సంగతి కూడా మరవద్దు. ఒత్తుగా పెరిగిన జుట్టు కత్తిరించిన మర్నాడు అదే హెల్మెట్ వదులైపోతుంది. జడ లేదా పోనీటెయిల్ వేసుకునేవాళ్లు మ్యాచ్‌కు ఎలా వేసుకుంటారో అలాగే వేసుకుని సైజు చూసుకోవాలి.

లోపలి ఫోమ్ సాధారణంగా రెండు రకాలు. ఒకటి వినైల్ నైట్రైల్, మెత్తగా, నొక్కితే దిగి మెల్లగా పైకి లేస్తుంది. ఇంకోటి ఈపీపీ అనే పాలీప్రొపిలిన్ ఫోమ్, ఇది కాస్త గట్టిగా ఉంటుంది. మొదటిదాన్ని బొటనవేలితో నొక్కి చూడండి. గట్టిబడి అసలు దిగకపోయినా, దిగినచోటే ఉండిపోయినా దాని పని అయిపోయింది. రెండోదాంట్లో పగుళ్లు వెతకాలి. లోపలి లైనర్ ఊడొచ్చేదైతే బయటికి తీసి వెలుతురులో చూడండి. షెల్ మీద గీతలు మామూలే, ఆటన్నాక పడతాయి. కానీ స్క్రూ రంధ్రాల చుట్టూ, చెవి దగ్గరి అంచుల్లో సన్నని పగులు ఉంటే ఆ హెల్మెట్ ఇక వాడకూడదు.

హెల్మెట్ రక్షణ పరీక్ష పాసైందని చూపే స్టిక్కర్ల గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, గందరగోళం ఎక్కువ ఉన్నది ఇక్కడే. ఉత్తర అమెరికాలో ముఖ్యంగా కనిపించేవి రెండు. అమెరికాలో హెచ్‌ఈసీసీ, కెనడాలో సీఎస్ఏ. హెచ్‌ఈసీసీ స్టిక్కర్ మీద గడువు తేదీ ఉంటుంది, అది హెల్మెట్ తయారైనప్పటి నుంచి ఆరున్నరేళ్లు. గమనించండి, మీరు కొన్నప్పటి నుంచి కాదు. షాపులో రెండేళ్లు ఉండిపోయి డిస్కౌంట్‌లో వచ్చిన హెల్మెట్‌కు ఆ రెండేళ్లూ ముందే కరిగిపోయాయి. సీఎస్ఏ స్టిక్కర్ మీద అలాంటి తేదీ ఉండదు. తేదీ లేదంటే కలకాలం పనికొస్తుందని కాదు, కండిషన్ చూసుకునే బాధ్యత మన మీద పడిందని అర్థం. యూరప్‌లో అమ్మేవాటి మీద సీఈ గుర్తు ఉంటుంది. ఏ లీగ్‌లో ఆడుతున్నారో ఆ లీగ్ ఏ స్టిక్కర్ అడుగుతుందో ముందే కనుక్కోవడం మంచిది. స్టిక్కర్ ఊడిపోయిన హెల్మెట్ ఎంత బాగున్నా, అది పరీక్ష పాసైందని చూపించే ఆధారం ఇక లేనట్టే. హెల్మెట్‌కు అదనంగా రంధ్రాలు చేయడం, చెవి కవర్లు పీకేయడం, పెయింట్ వేయడం కూడా సర్టిఫికేషన్‌ను చెడగొట్టే పనులే. కొన్ని పెయింట్లు, జిగుర్లు, క్లీనింగ్ ద్రావకాలు ప్లాస్టిక్‌ను లోపల్లోపల బలహీనం చేస్తాయి, పైకి ఏమీ కనిపించదు. తుడవడానికి గోరువెచ్చని నీళ్లు, కొంచెం తేలికపాటి సబ్బు చాలు.

ఒక విషయంలో నాకు మొహమాటం లేదు. కంకషన్‌ను, అంటే దెబ్బకు మెదడు అదిరి జరిగే గాయాన్ని, పూర్తిగా ఆపే హెల్మెట్ ఏదీ లేదు, అలా నమ్మబలికే ప్రకటన ఏదైనా నమ్మకండి. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడడంలో గొప్పది. కానీ తల ఒక్కసారిగా తిరిగినప్పుడు లోపల మెదడు కదలడాన్ని అది కొంతవరకే తగ్గించగలదు. అందుకే ఎంత మంచి హెల్మెట్ ఉన్నా, తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, తల తిరగడం, అయోమయం, వాంతి కనిపిస్తే ఆ రోజుకి ఆట ఆపించి డాక్టర్‌కు చూపించాలి.

కేజ్ చేసే చెరుపు

1970లలో కెనడాలో కంటి డాక్టర్ టామ్ పాష్బీ, హాకీలో పోతున్న కళ్ల లెక్కలు సేకరించి, ముఖానికి రక్షణ తప్పనిసరి చేయాలని పట్టుబట్టాడు. పిల్లల ఆటలో ముఖం మొత్తం కప్పే మాస్క్ నేడు మామూలు విషయమైందంటే అందులో ఆయన పాత్ర పెద్దది.

కేజ్ అంటే ముఖాన్ని కప్పే తీగల మాస్క్. దాని సైజు తప్పితే హెల్మెట్ ఫిట్ కూడా తప్పుతుంది. ఇది తెలియక హెల్మెట్‌ను తప్పుపట్టేవాళ్లు చాలామంది. కేజ్ చిన్నదైతే గడ్డం కప్పు కింది నుంచి నెట్టి హెల్మెట్‌ను పైకి లేపుతుంది, నుదురు బయటపడుతుంది. పెద్దదైతే గడ్డం కప్పుకు ఆనకుండా వేలాడుతుంది, ముందు నుంచి దెబ్బ తగిలితే కేజ్ మొత్తం ముఖం మీదికి వస్తుంది. గడ్డం కప్పులో మెత్తగా ఆని ఉండాలి, నోరు తెరిచి మూయడానికి వీలుండాలి. కేజ్ అంచుకూ హెల్మెట్ అంచుకూ మధ్య స్టిక్ కొన దూరేంత సందు ఉండకూడదు. కేజ్‌కు కూడా హెల్మెట్‌తో సంబంధం లేకుండా సొంత సర్టిఫికేషన్ స్టిక్కర్ ఉంటుంది, చూసుకోండి.

కండిషన్ విషయానికొస్తే వంగిన తీగ, విడిపోయిన వెల్డింగ్, పూత లేచిపోయి తుప్పు పట్టిన చోటు, ఈ మూడూ చూడాలి. వంగిన తీగను చేత్తో సరిచేసి వాడకండి, ఒకసారి వంగినచోట లోహం బలహీనపడి ఉంటుంది. పైన కేజ్‌ను పట్టుకునే రెండు స్క్రూలూ, పక్కనుండే ప్లాస్టిక్ క్లిప్పులూ, స్ట్రాప్ బటన్లూ తరచుగా ఊడిపోతుంటాయి. సంచీలో ఒక చిన్న స్క్రూడ్రైవర్, కొన్ని అదనపు స్క్రూలు వేసి ఉంచితే మ్యాచ్‌కు ఐదు నిమిషాల ముందు టెన్షన్ ఉండదు. టేపు చుట్టి సరిపెట్టిన కేజ్‌తో మాత్రం పంపకండి.

మెడ

2023 అక్టోబర్ 28న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మ్యాచ్ జరుగుతుండగా నాటింగ్‌హామ్ పాంథర్స్ ఆటగాడు ఆడమ్ జాన్సన్ మెడకు ఇంకో ఆటగాడి స్కేట్ బ్లేడ్ తగిలింది. ఆయన బతకలేదు. అంతకు చాలా ఏళ్ల ముందు, 1989లో, ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌హెచ్ఎల్ మ్యాచ్‌లో బఫలో సేబర్స్ గోలీ (గోల్‌కీపర్) క్లింట్ మలార్చుక్ గొంతు ఇలాగే తెగింది. ట్రైనర్ వెంటనే చేత్తో రక్తనాళాన్ని నొక్కిపట్టడంతో ఆయన బతికాడు. జాన్సన్ మరణం తర్వాత రూల్స్ వేగంగా మారాయి. అమెరికాలో ఈ ఆటను నడిపే సంస్థ యూఎస్ఏ హాకీ 2024 ఆగస్టు నుంచి పిల్లల విభాగాలన్నిటిలోనూ మెడకు కోత నుంచి రక్షణ తప్పనిసరి చేసింది. కెనడాలో చిన్నపిల్లల హాకీకి ఇది అంతకుముందు నుంచే ఉంది. అక్కడ బీఎన్‌క్యూ అనే ప్రమాణాల సంస్థ గుర్తు ఉన్న నెక్ గార్డ్ అడుగుతారు.

నెక్ గార్డ్ పనేమిటో స్పష్టంగా తెలుసుకోవాలి. అది కోతను అడ్డుకునే బట్ట. అరమిడ్ లాంటి గట్టి పోగులతో నేసి ఉంటుంది. వేగంగా వచ్చే పక్ దెబ్బను ఆపుతుందని దాని మీద ఆశ పెట్టుకోకూడదు. కాలర్‌లా మెడ చుట్టూ చుట్టేది, ఛాతీ మీదికి దిగేలా ఉండేది, లోచొక్కాకే కలిపి కుట్టినది అని మూడు రకాలు దొరుకుతాయి. చొక్కా రకంలో కోతను ఆపే బట్ట సాధారణంగా మెడ భాగంలోనే ఉంటుంది, చొక్కా మొత్తంలో ఉండదు. ఆ చొక్కా సైజు పెద్దదైతే కాలర్ కిందికి దిగి, రక్షణ ఉండాల్సిన చోట ఉండదు. పిల్లలను తల పైకెత్తి చూడమనండి, తర్వాత పూర్తిగా ఒక పక్కకు తిప్పమనండి. గొంతు చర్మం కనిపిస్తే సైజు గానీ రకం గానీ మార్చాలి. ఉక్కపోస్తోందని పిల్లలు వెల్క్రో వదులు చేసుకుంటుంటారు. అందుకే మెత్తగా, పలుచగా, పిల్ల ఇష్టపడి పెట్టుకునేది ఎంచుకోండి. వెల్క్రో నిండా దూది, దారాలు పేరుకుంటే పట్టు పోతుంది. పాత దువ్వెనతో గీకితే చాలావరకు తిరిగి వస్తుంది. బట్ట చిరిగినా, కుట్లు విడిపోయినా కొత్తది కొనాల్సిందే. బట్ట మీదున్న లేబుల్ చెప్పినట్టే ఉతకాలి.

ఛాతీ, గుండె

షోల్డర్ ప్యాడ్స్‌లో భుజం కప్పులు సరిగ్గా భుజం కొన మీద కూర్చోవాలి. మెడ వైపు జరిగినా, జబ్బ మీదికి జారినా సైజు తప్పు. ముందు భాగం ఛాతీ మధ్య ఎముకను కప్పి పక్కటెముకల దిగువ దాకా రావాలి. వెనక భాగం హాకీ ప్యాంట్స్ పైన ఉండే వెన్ను ప్యాడ్‌ను కొంచెం కప్పాలి. ఇప్పుడు చేతులు పైకెత్తే పరీక్ష. ప్యాడ్ మొత్తం పైకి లేచి గొంతుకు గుచ్చుకుంటే అది పెద్దది, లేదా పక్క స్ట్రాపులు వదులు. పైకెత్తినప్పుడు పొట్ట పైభాగం, పక్కటెముకలు మొత్తం బయటపడిపోతే పొట్టి.

ఈ పరీక్షకు నేను ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఉంది. కమోషియో కార్డిస్ అనే స్థితి గురించి పిల్లల హాకీతో సంబంధం ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. గుండెకు సరిగ్గా ఎదురుగా ఛాతీ మీద దెబ్బ తగిలి, అది గుండె కొట్టుకునే చక్రంలో అత్యంత సున్నితమైన లిప్తపాటు క్షణంలో పడితే, గుండె లయ తప్పి రక్తం పంపడం ఆపేస్తుంది. దెబ్బ మరీ బలంగా ఉండక్కర్లేదు, ఎముక విరగక్కర్లేదు. గుండెలో ముందు నుంచి ఏ జబ్బూ ఉండక్కర్లేదు. పిల్లల ఛాతీ గోడ మెత్తగా వంగేలా ఉంటుంది కాబట్టి ముప్పు వాళ్లకే ఎక్కువ. 1998 మే నెలలో ఎన్‌హెచ్ఎల్ ప్లేఆఫ్స్‌లో సెయింట్ లూయిస్ బ్లూస్ డిఫెన్స్‌మన్ క్రిస్ ప్రాంగర్ ఛాతీకి పక్ తగిలి మంచు మీదే కుప్పకూలాడు. ఆయన కోలుకుని మళ్లీ ఆడాడు.

ఛాతీ ప్యాడ్ వేసుకున్నవాళ్లకు కూడా ఇలా జరిగిన సందర్భాలున్నాయి. చేతులెత్తినప్పుడు ప్యాడ్ గుండె మీది నుంచి జరిగిపోవడం ఒక కారణం. మామూలు ఫోమ్ ఈ రకం దెబ్బను పూర్తిగా ఆపలేకపోవడం ఇంకో కారణం. కాబట్టి ప్యాడ్ గుండెను ఎప్పుడూ కప్పి ఉంచేలా చూసుకోవాలి, కానీ దాన్నే నమ్ముకుని ఊరుకోకూడదు. ఛాతీకి దెబ్బ తగిలి పిల్ల పడిపోయి, పిలిస్తే పలకకుండా, సరిగా ఊపిరి తీయకుండా ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి ఫోన్ చేయించి, సీపీఆర్ మొదలుపెట్టి, ఏఈడీ (షాక్ ఇచ్చి గుండె లయను సరిచేసే యంత్రం) తెప్పించాలి. ప్రతి నిమిషం ఆలస్యం ప్రాణావకాశాన్ని తగ్గిస్తుంది. మీ పిల్లలు ఆడే రింక్‌లో ఏఈడీ ఎక్కడుందో, ఆ అల్మారాకు తాళం ఉందో లేదో మొదటి ప్రాక్టీస్ రోజే చూసి పెట్టుకోండి. గేర్ వ్యాసంలో ఇదెందుకు అనిపించవచ్చు. గేర్ చేతులెత్తేసే చోట ఏం చేయాలో తెలియడం కూడా గేర్ గురించి తెలియడంలో భాగమే.

చేతులు

ఎల్బో ప్యాడ్ కప్పులో మోచేతి ఎముక సరిగ్గా కూర్చోవాలి. పై అంచు షోల్డర్ ప్యాడ్ కింది అంచును దాదాపు తాకాలి, కింది అంచు గ్లవ్ దగ్గరికి రావాలి. చేయి చాపించి ప్యాడ్‌ను మణికట్టు వైపు లాగి చూడండి. సులువుగా జారితే వదులు. చాలా ప్యాడ్స్‌లో కుడి, ఎడమ వేరుగా ఉంటాయి. తారుమారైతే కప్పు పక్కకు తిరిగి ఉంటుంది, పిల్లలు చెప్పరు కూడా.

గ్లవ్స్‌లో వేళ్ల కొనలు గ్లవ్ కొనను గట్టిగా తాకకూడదు, అలాగని అరంగుళం కన్నా ఎక్కువ ఖాళీ కూడా ఉండకూడదు. పెద్ద గ్లవ్స్‌తో స్టిక్ పట్టు దొరకదు. మోకాళ్లు వంచి స్టిక్ పట్టుకునే భంగిమలో నిలబెట్టి చూస్తే గ్లవ్ కఫ్‌కూ ఎల్బో ప్యాడ్‌కూ మధ్య మణికట్టు పైభాగం బయటపడుతోందా? స్టిక్ దెబ్బలు పడే చోటు అదే. కాస్త పొడుగు కఫ్ ఉన్న గ్లవ్ గానీ, ముంజేయి భాగం పొడుగ్గా ఉన్న ఎల్బో ప్యాడ్ గానీ తీసుకుంటే ఆ సందు మూసుకుపోతుంది. రెండూ మార్చక్కర్లేదు.

అరచేయి చిరగడం గ్లవ్స్‌కు మామూలు చావు. చిరుగు చిన్నగా ఉన్నప్పుడు అరచేతి భాగం ఒక్కటీ కొత్తగా కుట్టించవచ్చు. వేళ్లు బయటికొచ్చేంత చిరిగాక వాడితే బ్లేడ్‌కు వేళ్లను అందించినట్టే. బొటనవేలి లోపల ఉండే గట్టి ప్లాస్టిక్ వేలు వెనక్కి విరక్కుండా ఆపుతుంది, అది విరిగిందేమో వంచి చూడండి.

నడుము నుంచి కింద

హాకీ ప్యాంట్స్ కింది అంచు మోకాలి చిప్ప పైభాగాన్ని, అంటే మోకాలినీ ముంగాలినీ కాపాడే షిన్ ప్యాడ్ కప్పు పై అంచును కప్పాలి. నిలబడినప్పుడు కప్పి, వంగినప్పుడు తొడ బయటపడితే పొట్టి. వదులుగా కిందికి దిగే ప్యాంట్స్‌లో తోక ఎముక ప్యాడ్ కూడా కిందికి దిగిపోతుంది. నడుం దగ్గరి తాడు గానీ బెల్ట్ గానీ బిగిస్తే, లేదా సస్పెండర్స్ పెడితే సరిపోతుంది. మగపిల్లలకైనా ఆడపిల్లలకైనా లోపల గజ్జల రక్షణకు వాళ్ల వాళ్ల కప్పు తప్పనిసరి, ఇందులో చర్చకు తావు లేదు.

షిన్ ప్యాడ్ సైజు అంగుళాల్లో ఉంటుంది. మోకాలి చిప్ప మధ్య నుంచి స్కేట్ బూటు పై అంచు దాకా కొలిస్తే దాదాపు సైజు తెలిసిపోతుంది. మోకాలు వంచినప్పుడు చిప్ప కప్పు మధ్యలో ఉండాలి. ప్యాడ్ పొడుగైతే కింది అంచు స్కేట్‌కు తగిలి కప్పు పైకి లేస్తుంది. పొట్టిదైతే చీలమండ పైన ఎముక బయటపడుతుంది. స్కేట్ నాలుకను ప్యాడ్ లోపల పెడతారా, పైకి వదిలేస్తారా అనేది ఇష్టం. కానీ ఎలా ఆడతారో అలాగే పెట్టి కొలవండి. షిన్ ప్యాడ్ ఎక్కువగా పగిలేది ముందు ప్లాస్టిక్ షెల్‌లో, మోకాలికీ పిక్కకూ కలిసే మడత దగ్గర.

స్కేట్స్: “వచ్చే ఏడాదికి” అనే లెక్క ఇక్కడ చెల్లదు

మిగతా గేర్‌లో కొంచెం వదులును ఎలాగో సర్దుకోవచ్చు. స్కేట్స్‌లో మాత్రం ఆ సర్దుబాటుకు చోటు లేదు. మామూలు షూ సైజు కన్నా స్కేట్ సైజు ఒకటి, ఒకటిన్నర తక్కువే ఉంటుంది కాబట్టి షూ నంబర్ చూసి కొనకండి. మ్యాచ్‌కు వేసుకునే పలుచటి సాక్స్ ఒక్క జత వేసి, లేసులు కట్టకుండా పాదాన్ని ముందుకు నెట్టమనండి. మడమ వెనక మీ ఒక్క వేలు పడితే చాలు, అది పెరిగే పాదానికి వదిలే చోటు. రెండు వేళ్లు పడితే పెద్దవి. తర్వాత మడమను వెనక్కి తన్నించి లేసులు కట్టి నిలబెట్టండి. నిటారుగా ఉన్నప్పుడు వేళ్లు ముందు కొనను అలా తాకీ తాకనట్టుండాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి. మడమ మాత్రం ఎప్పుడూ పైకి లేవకూడదు.

పిల్లల చీలమండలు లోపలికి వాలిపోతుంటే “కాళ్లలో బలం లేదు” అనే మాట తరచుగా వినిపిస్తుంది. పాపం ఆ పిల్లకు ఏ లోపమూ ఉండకపోవచ్చు. బూటు పెద్దది కావడం, చీలమండ దగ్గర మెత్తబడిపోవడం, లేసులు పైన వదులుగా కట్టడం, ముందు ఈ మూడూ చూడండి. బూటును రెండు వైపులా చీలమండ ఎత్తులో వేళ్లతో నొక్కితే రెండు గోడలూ సులువుగా కలిసిపోతే ఆ బూటులో ఇక ఆధారం లేదు. సెకండ్ హ్యాండ్ స్కేట్స్‌లో మొదట చూడాల్సింది ఇదే. దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా జరుగుతుంటుంది. తేలికైన పిల్లకు ఖరీదైన, బాగా గట్టి బూటు కొంటే ఆ పిల్ల మోకాలు వంచలేదు, నిటారుగా తూలుతూ స్కేటింగ్ చేస్తుంది.

బ్లేడ్ విషయంలో కొత్త స్కేట్స్ చాలావరకు పదును పెట్టకుండానే వస్తాయన్నది చాలామందికి తెలియదు. మొదటిసారి మంచు మీదికి వెళ్లే ముందే పదును పెట్టించాలి. అంచు మీద గోరును అడ్డంగా మెల్లగా లాగితే సన్నని పొడి లేవాలి, గంట్లు పడ్డ చోట్లూ తెలిసిపోతాయి. వేలితో మాత్రం ఎప్పుడూ చూడకండి. బ్లేడ్‌ను పట్టుకునే ప్లాస్టిక్ హోల్డర్‌లో పగుళ్లు, అడుగున ఊగే రివెట్లు, మడమ వెనక స్నాయువును కాపాడే భాగం విరగడం, ఇవన్నీ స్కేట్‌ను తిరగేసి చూస్తే కనిపిస్తాయి. ఆట అయ్యాక బ్లేడ్‌ను పొడి గుడ్డతో తుడిచి, నీళ్లు పీల్చుకునే మెత్తటి కవర్ తొడగాలి. గట్టి ప్లాస్టిక్ గార్డులు నడవడానికే. వాటిలో తడి బ్లేడ్ ఉంచితే తుప్పు పడుతుంది.

మౌత్‌గార్డ్, తడి, వాసన

యూఎస్ఏ హాకీలో 12 ఏళ్లలోపు విభాగం నుంచి 18 ఏళ్లలోపు విభాగం దాకా మౌత్‌గార్డ్ తప్పనిసరి. రంగుది కావాలి, పారదర్శకమైనది పనికిరాదు. వేడినీళ్లలో మెత్తబరిచి కొరికి అచ్చు తీసుకునేవి చాలామందికి సరిపోతాయి. పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్న వయసులో మాత్రం అచ్చు త్వరగా తప్పిపోతుంది, అప్పుడు మళ్లీ కొత్తది తీసుకోవాల్సిందే. బ్రేసెస్ ఉంటే డెంటిస్ట్‌ను అడగండి. నమిలి నమిలి పలుచబడ్డ మౌత్‌గార్డ్ పళ్లను కాపాడదు.

చెమటతో తడిసిన గేర్‌ను సంచీలోనే వదిలేస్తే వాసన రావడం చిన్న సమస్య. తడిలో బాక్టీరియా పెరిగి, రాపిడికి చర్మం గీరుకుపోయిన చోట ఇన్ఫెక్షన్ రావచ్చు. ఎలాస్టిక్, కుట్లు, రివెట్లు కూడా ఆ తడికే ముందుగా పాడవుతాయి. ఇంటికి రాగానే ప్రతి వస్తువూ విడిగా, గాలి తగిలేలా ఆరేయాలి. హీటర్ పక్కన, డ్రైయర్‌లో, ఎండకు కాలే కారు డిక్కీలో పెట్టకూడదు. ఎక్కువ వేడి ఫోమ్‌నూ జిగురునూ దెబ్బతీస్తుంది.

గోలీలకు ఒక మాట

గోలీ గేర్ పూర్తిగా వేరు. మామూలు ఆటగాడి హెల్మెట్, షోల్డర్ ప్యాడ్స్ గోలీకి పనికిరావు. గోలీ మాస్క్ కింద వేలాడే ప్లాస్టిక్ గొంతు కవచం నెక్ గార్డ్‌కు అదనం, దాని బదులు కాదు.

ఎప్పుడు చూడాలి, పాతవి కొనొచ్చా

సీజన్ మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి పూర్తి గేర్ వేయించి పైన చెప్పిన కదలికలన్నీ చేయించండి. పిల్లలు ఒక్కోసారి రెండు మూడు నెలల్లోనే సైజు మారిపోతారు కాబట్టి మధ్యలో చూసే పరీక్షను వదలొద్దు. వారానికోసారి స్క్రూలు, స్ట్రాపులు, కేజ్ క్లిప్పులు తడిమి చూస్తే చాలు. పెద్ద దెబ్బ తగిలిన మ్యాచ్ తర్వాత మాత్రం ఆ రాత్రే హెల్మెట్ లోపలా బయటా చూడండి. పదేళ్లు దాటిన పిల్లలకు ఈ పని నేర్పవచ్చు కూడా. తమ గేర్‌లో ఏది వదులైందో వాళ్లకే ముందు తెలుస్తుంది.

పాత గేర్ కొనడం తప్పేమీ కాదు. పిల్లలు తొందరగా పెరిగిపోతారు కాబట్టి దాదాపు కొత్తగా ఉన్న షిన్ ప్యాడ్స్, ప్యాంట్స్, షోల్డర్ ప్యాడ్స్ బోలెడు దొరుకుతాయి. ఫోమ్, స్ట్రాపులు, ప్లాస్టిక్ చూసి తీసుకోవచ్చు. పాత స్కేట్స్ అయితే చీలమండ దగ్గరి గట్టితనం, మిగిలిన బ్లేడ్ ఎత్తు చూసుకోవాలి. ఇంకొకరి పాదానికి అచ్చుగా కుదిరిపోయిన బూటు మన పిల్లకు నొప్పి పెట్టవచ్చు. మౌత్‌గార్డ్, గజ్జల కప్పు మాత్రం కొత్తవే. హెల్మెట్ చరిత్ర పూర్తిగా తెలిసిన బంధువుల నుంచో స్నేహితుల నుంచో అయితే స్టిక్కర్, తేదీ, ఫోమ్ చూసి తీసుకోవచ్చు. ఎవరు వాడారో, ఎన్ని దెబ్బలు తిందో తెలియని హెల్మెట్‌ను చవగ్గా వస్తోందని కొనకండి. మీ ఇంట్లో గడువు దాటిన హెల్మెట్ ఉంటే దాన్ని అలాగే చెత్తలో పడేయకుండా, దానం చేయకుండా, ముందు గడ్డం స్ట్రాపులు రెండూ కత్తిరించి అప్పుడు పారేయండి. అది ఇంకో పిల్ల తల మీదికి వెళ్లకుండా ఉంటుంది.